సీసా మీది పేరు

ఆసుపత్రికొచ్చిన మనిషికి పేరు అడిగితే చెప్పడానికేం రోగమో నాకు ఈనాటికీ అర్థం కాదు. జ్వరమొచ్చినవాడు చెబుతాడు. పురిటికొచ్చిన ఆడది మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడినా తన పేరు చెబుతుంది. ఆళ్లగడ్డ వైపు నుంచి నరుకుడు దెబ్బలతో వచ్చినవాళ్లు మాత్రం చచ్చినా చెప్పరు. రిజిస్టరులో ఒక పేరు, పోలీసుకు ఒక పేరు, మంచం మీద ఇంకో పేరు. సగం నరికి వదిలినవాళ్లు మిగతా సగం నరకడానికి ఆసుపత్రికే వస్తారని భయం. ఆ భయం నాకూ తెలుసు. కానీ నెత్తురు తీసేదాన్ని నేను. నా దగ్గర దొంగ పేరు చెబితే వాణ్ని చంపడానికి ఇంకొకడి కొడవలి అక్కర్లేదు, నా చేతి సూది చాలు.

నా పేరు దెబోరా. మాది పాణ్యం. 1957లో నేను నంద్యాలలో సుందరరాజు డాక్టరుగారి దగ్గర నర్సును. పన్నెండు మంచాల ఆసుపత్రి అది. నెత్తురు పరీక్ష, నెత్తురు ఎక్కించడం నా పని. నేను పని నేర్చుకున్నచోట ఒక మహాతల్లి ఉండేది. ఇద్దరు బాలింతల నెత్తురు రెండు గాజు గొట్టాల్లో తీసి, చీటీలు తర్వాత తీరిగ్గా అంటిద్దామని రెండూ ఒకే జేబులో వేసుకుని పోయింది. దాని ఫలితం నేను కళ్లారా చూశాను. పడని నెత్తురు ఎక్కిన ఆ బాలింత మంచం అదిరేలా వణికింది, నడుము విరిగిపోతోందని అరిచింది, కాఫీ రంగు మూత్రం పోసి తెల్లారేలోగా పోయింది. ఆ రోజు నుంచి నాకొక పట్టుదల. రోగి పేరు రోగి నోటితోనే చెప్పాలి. ఆ మంచం పక్కనే నిలబడి నేను చీటీ రాయాలి, గొట్టానికి దారంతో కట్టాలి, అప్పుడే అక్కడి నుంచి కదలాలి. నెత్తురు ఎక్కించేటప్పుడు మళ్లీ అడగాలి. దీనికి నన్ను పొగరుబోతు అన్నవాళ్లున్నారు. అననీ.

ఆ మే నెలలో ఒకరోజు పదకొండు గంటలకు ఆళ్లగడ్డ బస్సు హారను మోగించుకుంటూ వచ్చి సరాసరి మా గేటు ముందు ఆగింది. మెట్ల మీంచి నెత్తురు కారుతోంది. ప్రయాణికులు సీట్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు. లోపల నేల మీద ఇద్దరు మనుషులు. ఒకడు ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు, ఓబుళరెడ్డి. ఇంకొకడు వాళ్లింటి జీతగాడు గురవయ్య, నలభై దాటినవాడు. వెంట ఓబుళరెడ్డి తల్లి భారతమ్మ, తండ్రి బాలిరెడ్డి, గురవయ్య పెళ్లాం ఆదెమ్మ, వాళ్ల మనుషులు ఇద్దరు.

ఆ పొద్దున ఆళ్లగడ్డ సంతలో జరిగిందట. కాలవ నీళ్ల దగ్గర మొదలైన తగాదాలో రెండేళ్లలో రెండు పీనుగులు లేచాయి. చివరి పీనుగు ఎదుటి పక్షం కంబగిరిరెడ్డి తమ్ముడిది. దానికి బదులు తీర్చుకోవడానికి కంబగిరి మనుషులు సంతలో బండిలో చొప్ప కింద పడుకుని కాచుకున్నారు. ఓబుళరెడ్డి ఎద్దులకు పగ్గాలు బేరం చేస్తుంటే బండి దిగి నరికారు. గురవయ్య అడ్డం పడ్డాడు. నెత్తి మీద రెండు, వీపున ఒకటి తగిలాయి, చెవి సగం తెగింది. అయినా పిల్లవాణ్ని భుజాన వేసుకుని బస్సు దాకా పరిగెత్తి అక్కడ కూలిపోయాడు.

డాక్టరుగారు ఇద్దరినీ చూశారు. గురవయ్య దెబ్బలు లోతైనవే కానీ నెత్తురు కట్టింది. పిల్లవాడి సంగతి అలా లేదు. ఎడమ ముంజేయి ఎముక దాకా తెగి వేళ్లు వేలాడుతున్నాయి. తొడ మీద జానెడు గాటు, నుదుటి మీద ఇంకొకటి. ఎవరో తలపాగా విప్పి బిగించి కట్టారు, ఆ గుడ్డ పిండితే గిన్నెడు నెత్తురు కారేట్టుంది. డాక్టరుగారు నరం పట్టి కట్టి, కుట్లు వేసి, ఇద్దరి తలలకూ కట్లు కట్టారు. కళ్లూ ముక్కూ నోరూ తప్ప ఇద్దరి ముఖాల్లో ఏమీ కనబడడం లేదు.

"దెబోరా, ఈ పిల్లవాడికి నెత్తురు ఎక్కించకపోతే బతకడు. త్వరగా చూడు" అన్నారు. అంతలో బిడ్డ అడ్డం తిరిగిన కాన్పు ఒకటి బండిలో వచ్చింది. ఆయన చేతులు కడుక్కుని ఆపరేషను గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు.

ఓబుళరెడ్డిని తలుపు దగ్గరి మంచం మీద, గురవయ్యను ఆ చివర కిటికీ దగ్గరి మంచం మీద పడుకోబెట్టాం. నేను ఉడకబెట్టిన సిరంజీ, సూదులు, రబ్బరు గొట్టం, స్పిరిటు దూది పళ్లెంలో పెట్టుకుని ఓబుళరెడ్డి దగ్గరికి వచ్చాను.

"నీ పేరేంది నాయనా?"

"నేనుండా గదా, నన్నడుగు" అంది భారతమ్మ.

"నిన్నడగలేదు తల్లీ. ఆ పిల్లోన్నే సెప్పనీ."

పిల్లవాడు పెదవులు తడుపుకున్నాడు. "ఓబుళరెడ్డి" అన్నాడు.

ఎడమ చెయ్యి కట్టులో ఉంది కాబట్టి కుడి చెయ్యి పట్టుకున్నాను. నెత్తురు పోయిన ఒంట్లో నరాలు అణిగిపోయి దొరకవు. మోచేతి పైన రబ్బరు గొట్టం కట్టి, అరచెయ్యి రుద్ది, వేలితో తట్టి తట్టి చూశాను. మొదటిసారి గుచ్చితే నరం జారింది, లోపల నెత్తురు చిమ్మి నీలంగా ఉబ్బింది. నాకు నా మీదే ఒళ్లు మండింది. దూది అదిమి, సూది మార్చి, రెండోసారి ఇంకాస్త కింద గుచ్చాను. నెత్తురు వచ్చింది. గొట్టంలో పోసి, చీటీ రాసి, దారం కట్టి అప్పుడు కదిలాను. సూది వేడినీళ్ల గిన్నెలో వేశాను. ఇంత ప్రాణాపాయంలోనూ నా పద్ధతిలో ఒక్కటి కూడా తప్పించలేదని గర్వపడ్డాను. ఆ గర్వం గంటకే దిగిపోయింది.

పక్క గదిలో పరీక్ష చేశాను. రెండు చిన్న సీసాల మందులతో తెల్ల పలక మీద నెత్తురు చుక్కలు కలిపి చూస్తే ఎవరిది ఏ జాతి నెత్తురో తెలుస్తుంది. ఓబుళరెడ్డిది బి. నెత్తురు ఎవరిస్తారని అడిగితే వాళ్ల మనుషులు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొడవలి పట్టడానికి వెనకాడని వీరులు సూదిని చూసి గేటు దగ్గర కాపలా ఉండాలని గుర్తొచ్చి చల్లగా జారుకున్నారు. బాలిరెడ్డి మాత్రం చొక్కా చేయి పైకి మడిచాడు.

"ఎంత గావాల్నో అంతా తీసుకో. నా ఒంట్లో చుక్క మిగలకున్నా పర్వాల్యా" అన్నాడు.

ఆయనదీ బి. కొడుకు నెత్తురుతో కలిపి చూశాను, పడింది. బల్ల మీద పడుకోబెట్టి సీసా నిండా తీశాను. లేవబోతే కళ్లు తిరిగి పడబోయాడు. గంటసేపు కదలొద్దని గట్టిగా చెప్పి, సీసా మెడకు ఓబుళరెడ్డి అని చీటీ కట్టి వార్డులోకి తెచ్చాను. మొత్తం గంట పట్టింది.

తలుపు దగ్గరి మంచం పక్కన భారతమ్మ తల కొట్టుకుంటూ, "నాయనా ఓబుళా, నా బంగారు కొండా" అని వార్డంతా మోగేట్టు ఏడుస్తోంది. ఇనుప స్టాండుకు సీసా తగిలించి అలవాటుగా అడిగాను.

"పేరేంది నాయనా?"

"ఓబుళరెడ్డి" అన్నాడు మంచం మీది మనిషి.

దుప్పటి మెడదాకా కప్పి ఉంది. కుడి చెయ్యి బయటికి లాగాను. మోచేతి మడతలో నీలం లేదు. సూది గాట్లు లేవు, ఒక్కటీ లేదు. అరచెయ్యి తిప్పితే నాగలి మేడి పట్టిన కాయలు. దుప్పటి కింద ఎడమ చెయ్యి తడిమాను. నిక్షేపంలాంటి చెయ్యి, కట్టే లేదు.

కిటికీ దగ్గరి మంచం వైపు చూశాను. ఆదెమ్మ ఆ మంచం అంచున కూర్చుని తల దించుకుని ఉంది. మొగుడి పక్కన కూర్చున్నట్టే కూర్చుంది. కానీ నిమిషానికోసారి ఆమె కళ్లు ఈ మంచం వైపే వస్తున్నాయి.

నేను లోపల బాలిరెడ్డి నెత్తురు తీస్తుంటే వీళ్లు ఇక్కడ మనుషులను మార్చేశారు.

భారతమ్మ ఏడుపు ఆపకుండానే నా ముంజేయి పట్టుకుంది. వేళ్లు ఎముకకు దిగాయి. "గమ్మునుండు నర్సమ్మా" అంది గొంతు తగ్గించి. "వరండాలో సూడు. తువ్వాలు కప్పుకోని కూసున్యాడే, వాడు కంబగిరి మనిషి. తలుపుకాడ మంచం ఎవురిదని ఆయాను అడిగినాడంట. వాడు బీడీకని అటు పోయినప్పుడు మా మనుషులతో మార్పిచ్చినాం."

"అమ్మా, ఈ నెత్తురు నీ కొడుక్కి సరిపోయిన నెత్తురు. ఈయప్పకు ఎక్కిస్తే ఏమైతాదో తెల్సునా నీకు?"

"నెత్తురు నెత్తురే గదా. ఈడ తగిలియ్యి. వాడు సూసి పోతాడు. తర్వాత మా రెడ్డి ఇంకో సీసా ఇస్తాడు."

నెత్తురు నెత్తురేనట! నాకు పట్టరాని కోపం వచ్చింది. లోపలికి పోయి పలక, రెండు మందు సీసాలు తెచ్చాను. గురవయ్య వేలు గుచ్చి రెండు చుక్కలు వేసి మందు కలిపి ఊపాను. ఓబుళరెడ్డి చుక్క ఎక్కడ గడ్డలు కట్టిందో అక్కడ ఇతనిది నున్నగా ఉంది. ఆ పిల్లవాడిది ఎక్కడ నున్నగా ఉందో అక్కడ ఇతనిది పాలు విరిగినట్టు విరిగింది, అంటే ఇతనిది బి కాదు, ఎ. పలక భారతమ్మ ముఖం ముందు పెట్టాను.

"సూడు. నీ మొగుని నెత్తురు ఈయప్ప ఒంట్లో పోతే లోపల ఇట్లా అయితాది. వణికి వణికి సస్తాడు. నీ కొడుకును కాపాడినోడు ఈయప్ప."

ఆమె పలక వంక చూసింది. నిజంగానే చూసింది, కళ్లు తిప్పుకోలేదు. నేను చివరి మంచం దగ్గరికి నడిచి పిల్లవాడి నాడి పట్టుకున్నాను. దారంలా ఉంది, వేలికింద ఉందో లేదో తెలియడం లేదు. పెదవులు సున్నం రాసినట్టున్నాయి. అరగంట కూడా ఆగేట్టు లేడు. తిరిగి వచ్చాను.

"నీ కొడుకు పోతాండాడమ్మా. ఈ సీసా ఇప్పుడే ఆడ తగిలీల. ల్యాకుంటే నీకు కొడుకు దక్కడు."

"ఆడ తగిలిస్తే వానికి తెల్సిపోతాది."

"లోపలి గదిలోకి మోసకపోదాం. నీ మనుషుల్ని పిలువు."

"కూలోన్ని లోపలికి మోసకపోతే వానికి అనుమానం రాదా? వద్దు. ముందు ఈడ ఎక్కీ. వాడు సూసి, కొడవలి తీసుకోని ఈ మంచం కాడికే వస్తాడు. పని అయిపోయిందని పోతాడు. అప్పుడు నా కొడుక్కి ఎక్కీచ్చు."

"ఈ మనిషి?"

భారతమ్మ కళ్లు తుడుచుకుంది. "సస్తే సావనీ" అంది. "వీనికి ముగ్గురు పిల్లోళ్లు. నాకు ఒక్కడే."

నా చెయ్యి లేచింది. రోగి తల్లి అని చూడకుండా కొట్టేదాన్నే. అంతలో మంచం మీది మనిషి కళ్లు నా వైపే ఉన్నాయని గమనించాను. కట్ల మధ్య రెండు కళ్లు, పూర్తిగా తెరుచుకుని. సగం తెగిన చెవిలో కూడా ఆ మాట పడింది.

"అమ్మా" అన్నాడు గురవయ్య.

"గమ్మునుండు రా" అంది భారతమ్మ.

"ఆ పిల్లోన్ని పదేండ్లు నా భుజాన మోసినానమ్మా. వాని కోసరం దెబ్బలు తినమంటే తిన్యా. నీ కొడుకు పేరు సెప్పమంటే సెప్పినా. కొడవలి వస్తాదని తెల్సే పండుకున్యా. నువ్వు మాత్రం ఆ మాట అనకుండా ఉండాల్సింది." ఊపిరి అందక ఆగాడు. తర్వాత మోచేతి మీద లేచి, పొలంలో ఎద్దును అదిలించే గొంతుతో అరిచాడు. "నర్సమ్మా! నా పేరు గురవయ్య! రెడ్డి కొడుకు కిటికీకాడ ఉండాడు. పో, ఆయప్పకు ఎక్కీ!"

వార్డులో అందరూ తలలు తిప్పారు. అతను కోపంతో అంత గట్టిగా అరిచాడో, పిల్లవాడి ప్రాణం కోసం నన్ను తొందరపెట్టాడో, తెగిన చెవికి తన గొంతు తనకే వినబడలేదో నేను చెప్పలేను. మూడూ నిజమేననుకుంటాను. వరండాలో తువ్వాలు కప్పుకున్న మనిషి తాపీగా లేచి, మెట్లు దిగి పోయాడు.

నేను స్టాండు ఎత్తుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వాళ్ల మనుషుల కోసం కేక వేశాను. ఆ వీరులు ఇద్దరూ ఎదురు కొట్లో సోడా తాగుతున్నారని తర్వాత తెలిసింది. నరుకుడు కేసని మాకు కాపలాకు పెట్టిన కానిస్టేబుల్ స్టేషనుకు కబురు చెప్పడానికి పోయి గంటయింది. ఆపరేషను గది తలుపు బాదాను. "బిడ్డ తల చేతిలో ఉంది, ఆగు!" అని లోపల్నుంచి డాక్టరుగారి గొంతు. ఇంకేం చేయను? పిల్లవాడి కుడి చేతికి సూది గుచ్చి, పట్టీ వేసి, సీసా తెరిచాను. నెత్తురు చుక్క చుక్కగా దిగడం మొదలైంది. నాలుగైదు నిమిషాలకు ఓబుళరెడ్డి పెదవి కదిలింది. "నీళ్లు" అన్నాడు. నాకు అంత భయంలోనూ సంతోషం వేసింది.

సీసాలో పావు వంతు కూడా దిగలేదు. ముగ్గురు వచ్చారు.

పరిగెత్తి రాలేదు. రోగిని చూడ్డానికి వచ్చినవాళ్లలా నడిచి వచ్చారు. గోనె సంచుల్లోంచి వేటకొడవళ్లు తీశారు. నడవగలిగిన రోగులు మంచాల కింద దూరారు, నడవలేనివాళ్లు దుప్పటి ముసుగేసుకున్నారు. ముందున్నవాడు తలుపు దగ్గరి మంచం వైపు చూడనైనా చూడలేదు. నేరుగా సీసా వేలాడే మంచం దగ్గరికి వచ్చాడు. మంచం అంచున ఆదెమ్మ కూర్చుని ఉంది.

"లెయ్" అన్నాడు.

ఆదెమ్మ నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. లేచింది. కొంగు సర్దుకుని, ఆ ముగ్గురి మధ్య నుంచే నడుచుకుంటూ పోయి, తన మొగుడి మంచం మీద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకుంది. పొద్దుట్నుంచి ఆమె అతన్ని తాకడం అదే మొదలు.

"ఇది ఆసుపత్రి రా! మనుషులేనా మీరు?" అని అరిచాను. పిల్లవాడి చెయ్యి వదల్లేదు. వదిలితే సూది ఊడుతుందని. చూడండి నా బుద్ధి! వాడు నన్ను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. స్టాండు పడింది, సీసా పగిలింది. బాలిరెడ్డి నెత్తురు నేలంతా పరుచుకుంది. మొదటి దెబ్బ మెడ మీద పడింది. రెండో దెబ్బకు భారతమ్మ అక్కడికి వచ్చి కొడుకు మీద పడింది. ఒకడు ఆమెను కొప్పు పట్టి లాగి పక్క మంచం కిందికి విసిరాడు. ఆమె పాక్కుంటూ మళ్లీ వచ్చి వాడి కాలు పట్టుకుని కొరికింది. తన్నితే మళ్లీ మంచం కిందికి పోయి పడింది. మూడోవాడు ఏమీ మాట్లాడకుండా నరుకుతూనే ఉన్నాడు, కట్టెలు కొట్టేవాడిలా, ఊపిరి తీసుకుంటూ, ఆగి మళ్లీ కొడుతూ. మంచం నులక తెగేదాకా కొట్టాడు. పోతూ పోతూ ఒకడు మా కిటికీ తెరకు కొడవలి తుడుచుకున్నాడు. వాళ్లు గేటు దాటాక సోడా తాగిన వీరులు కేకలు వేసుకుంటూ వచ్చారు.

నేను లేచేసరికి లోపలి గది తలుపులో బాలిరెడ్డి నిలబడి ఉన్నాడు. మోచేతి మడతలో నేను పెట్టిన దూది అలాగే ఉంది. గోడ పట్టుకుని, తూలుతూ కొడుకు మంచం దాకా వచ్చాడు. చూశాడు. తెగిన చెయ్యి ఒకటి నేల మీద ఉంటే వంగి తీసి మంచం మీద పెట్టాడు. తర్వాత వార్డు మొత్తం చూస్తూ అడిగాడు.

"నా కొడుకు ఈడ ఉండాడని వాండ్లకు ఎవురు సెప్పినారు?"

వార్డులో అందరూ విన్న కేక అది. అందరూ నేల చూపులు చూశారు. బాలిరెడ్డి తన మనిషి ఒకడి చేతిలోంచి కొడవలి తీసుకున్నాడు.

"సెప్పినోన్ని ఈడనే నరుకుతా. వాని పెండ్లాన్నీ పిల్లోళ్లనీ ఊర్లో ఇంట్లోనే పెట్టి కాలుస్తా. ఎవురు సెప్పినారు?"

గురవయ్య కళ్లు మూయలేదు. ఆదెమ్మ ఒళ్లో తల పెట్టుకుని రెడ్డి వంకే చూస్తున్నాడు. అతని ముగ్గురు పిల్లలు రెడ్డి చేలోనే, రెడ్డి వేయించిన కొట్టంలోనే ఉన్నారు. నేను చెప్పాలనుకున్నాను. నేనే చెప్పాను, సీసా ఎవరిదో తెలియాలి కాబట్టి అరిచానని అందామని నోరు తెరిచాను. ఇంత పొగరుబోతునూ ఆ కొడవలి చూసి తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

భారతమ్మ మంచం కింది నుంచి లేచింది. నోట్లోంచి నెత్తురు కారుతోంది. గురవయ్య వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, అయిపోయింది అనుకున్నాను.

"నేనే సెప్పినా" అంది.

"ఏందీ?"

"నేనే. నర్సమ్మ సీసా గురవన్నకు తగిలించబోతాంటే, అది నా కొడుకుది, నా కొడుకు ఆడుండాడని అరిచినా. బిడ్డ సస్తాంటే నాకు కంబగిరి గుర్తుకు రాలేదు."

బాలిరెడ్డి కొడవలి కింద పడేశాడు. హమ్మయ్య అనుకునేలోగా కింద పడున్న ఇనుప స్టాండు ఎత్తి భార్య ముఖం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినబడింది. ఆమె కూలబడింది. మళ్లీ ఎత్తాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. గురవయ్య మంచం మీంచి లేవబోతూ, "రెడ్డీ, ఆయమ్మ కాదు..." అన్నాడు. ఆదెమ్మ రెండు అరచేతులతో అతని నోరు మూసేసింది. కట్ల మీద నుంచే, ఊపిరి ఆడకుండా, తన బరువంతా వేసి మూసింది. అతను కాళ్లు కొట్టుకున్నా వదల్లేదు. నేను చూశాను. చూసి, ఆమెను లాగలేదు. పోయి బాలిరెడ్డి చేతికి వేలాడాను. మూడో దెబ్బకు ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఒంట్లో నెత్తురు సీసాడు తక్కువైన మనిషి, కళ్లు తేలేసి కొడుకు మంచం పక్కన పడిపోయాడు. అప్పుడు డాక్టరుగారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు, చేతిలో ఏడుస్తున్న బిడ్డతో.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. దవడ కట్టేసిన భారతమ్మను కంబగిరి మనుషులే కొట్టారా అని అడిగితే తల ఊపింది. బాలిరెడ్డి కొడుకును నరికిన ముగ్గురిని వెతుక్కుంటూ వెళ్లిపోయాడు, భార్యను చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు. ఆదెమ్మ తన పిల్లలను శిరివెళ్లలో అక్క ఇంటికి చేర్పించింది. తాను పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలోనే ఉంది. పొద్దున మొగుడికి, ఆ తర్వాత ఆడవాళ్ల గదికి పోయి భారతమ్మకు. నోరు తెరుచుకోని మనిషికి పళ్ల సందులోంచి చెమ్చాతో గంజి పోసేది, మూతి తుడిచేది.

గురవయ్య నడవగలిగిన రోజు ఆదెమ్మ మూట కట్టుకుని అతన్ని వెంటబెట్టుకుని భారతమ్మ మంచం దగ్గరికి వచ్చింది. నేను అక్కడే దవడ కట్టు మారుస్తున్నాను. గురవయ్య చేతులు జోడించాడు.

భారతమ్మకు అప్పుడప్పుడే మాట వస్తోంది. పళ్లు కదపకుండా, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ చెప్పింది.

"పొండి. ఊరికి రావద్దండి. శిరివెళ్లలో కూడా వద్దు, ఇంకా దూరం పొండి. మా రెడ్డి మళ్లా అడుగుతాడు." ఆగింది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "నాకు రోజూ నా కొడుకు గుర్తొస్తాండాడు గురవన్నా. ఇంకోతూరి అడిగితే నేను నిజం సెప్పేస్తా."

ఆదెమ్మ వంగి ఆమె కాళ్లు ముట్టుకుంది. ఆ మధ్యాహ్నమే శిరివెళ్ల నుంచి పిల్లలను రప్పించుకుని పాణ్యం వైపు బస్సెక్కారు. ఆ తర్వాత వాళ్లు ఎక్కడికి పోయారో నేను కనుక్కోలేదు, ఎవరైనా అడిగితే నాకు తెలియకూడదని.